శిశుతేజ కింద నా సంతకం

మెట్ట జంక్షన్ గోడసాక్షి దినచర్య పుస్తకం
నీళ్లొచ్చిన 58వ ఏడు. రాస్తున్నది గుబ్బల వరహాలు

ఆషాఢం 4

నిన్నంతా వాన. పొద్దున సున్నం బకెట్టు పట్టుకుని ఒకటో ప్లాట్‌ఫారం మీదికి వెళ్లేసరికి పడమటి గోడ గచ్చు పెళ్లలు పెళ్లలుగా ఊడి కింద పడి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. పోయిన వేసవిలోనే దానికి రెండు పూతలు వేశాను. వానని తిట్టుకుంటూ దగ్గరికి వెళ్లి చూస్తే, గచ్చు వెనక ఇంకో గోడ ఉంది. దాని నిండా రంగుల బొమ్మ ఉంది.

పట్టాల మీద రైళ్లు తిరిగిన రోజులనాటిది అయి ఉండాలి. తెల్లగా, బొద్దుగా ఉన్న ఒకావిడ. ఆవిడ ఒళ్లో అంతకంటే బొద్దుగా ఉన్న పిల్లాడు. పక్కన తెల్లకోటు వేసుకుని, మెడలో గొట్టం తగిలించుకున్న డాక్టరు. ఆయన చేతిలో పసుపుపచ్చ డబ్బా. ఇన్నేళ్లు గచ్చు కింద ఉన్నా రంగు వెలవలేదు. సున్నం, బొగ్గు, ఎర్రమట్టి తప్ప ఎరగని మా కళ్లకి అది పండగలా ఉంది. అక్షరాలు గుండ్రంగా ఎంత బాగున్నాయో! నాకు కాస్త అసూయ కూడా కలిగింది. అక్కడ ఇలా రాసి ఉంది:

"అమ్మా, మీ పాలు బిడ్డకు సరిపోతున్నాయా?
చదువుకున్న తల్లి ఎంచుకునేది శిశుతేజ పాలపొడి.
బాబుకు బలం! పాపకు రంగు!
డాక్టర్ల సలహా ఇదే."

గోడ మీద ఏ మాట కనబడినా చీకటిపడేలోగా దాని మీద సాక్షి సంతకమైనా పడాలి, సున్నమైనా పడాలి. ఇది మా నాన్న పెట్టిన నియమం. మామూలు మాటకైతే కళ్లారా చూసినవాళ్లు ముగ్గురు కావాలి. డాక్టరు మాటకి మాత్రం గోడసాక్షి ఒక్కడు చాలు. కలరా రోజుల్లో ముగ్గురిని వెతికేలోపు ముగ్గురు పోయేవారట, అందుకని.

డాక్టరు ఉన్నాడు. డాక్టర్ల సలహా అనీ ఉంది. కింద ఎడమవైపు సంతకానికి సరిపడా ఖాళీ కూడా ఉంది. "చూశాను. వరహాలు" అని రాసి తేదీ వేశాను.

తర్వాత రోజువారీ పనులు. మంచినీళ్లు ఆరు నుంచి ఏడున్నర వరకు. ఉప్పుకళ్లాల ట్రాలీ ఎనిమిదింటికి. సముద్రం పోటు గట్టుకి రెండడుగుల కింద. మూడింటికీ మూడేసి సంతకాలు పడ్డాయి. నేను కుంచె పట్టిన ముప్పై నాలుగేళ్లలో ఈ గోడ మీద ఒక్క అబద్ధం పడలేదు. ఈ ముక్క రాసుకున్నప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది, ఉండనీ.

ఆషాఢం 6

కృపావతి వచ్చింది. మేమందరం పాత రైలు బోగీల్లో కాపురం ఉంటాం, ఆ అమ్మాయిది మా పక్క బోగీ. నలభై రోజుల బాలింత. మొగుడు ప్రభుదాసు ఉప్పుకళ్లాల్లో పనిచేస్తాడు, నెలకోసారి వస్తాడు. నేను అక్షరాలు నేర్పిన పిల్లల్లో ఇంత చురుకైనది ఇంకొకతె లేదు. "అ" దిద్దింది ఆ పడమటి గోడ మీదే. పైచదువుకి కొండస్టేషన్ దాకా వెళ్లొచ్చిన ఆడపిల్ల కూడా మా జంక్షన్‌లో ఇదొక్కతే.

"పెదనాన్నా, శిశుతేజ ఎక్కడ దొరుకుద్ది?" అంది.

"మన స్టోరులో లేదే అమ్మాయ్."

"అడిగాను. పేరే వినలేదంట. ట్రాలీ మీద తెప్పిస్తారేమో కనుక్కోవా?"

"నీకెందుకే? పాప బాగానే ఉందిగా."

"బాగానే ఉండటమంటే ఏంటి? ఆ బొమ్మలో పిల్లాడిలా ఉందా? చదువుకున్న తల్లి ఎంచుకునేదని రాశారు. ఇంత చదివి నాకు ఆ మాటే తెలీదు చూడు, సిగ్గేసింది."

కనుక్కుంటానన్నాను. ట్రాలీ నడిపే ఆయన్ని అడిగితే, ముప్పై స్టేషన్లలో ఎక్కడా ఆ డబ్బా చూడలేదన్నాడు. గోడ మీద ఉన్నది లోకంలో లేకపోవడం నాకు వింతగా అనిపించింది. అయినా పెద్దగా పట్టించుకోలేదు. ఈ ముక్క రాయడానికి ఇవాళ ఇబ్బందేమీ లేదు, తర్వాత ఉంటుందేమో తెలియదు.

ఆషాఢం 11

కృపావతి బోగీ పైకప్పు మీద రేకు పరిచి మేకపాలు ఎండబెడుతోంది. ఎండిన పాలని బియ్యప్పిండితో కలిపి మెత్తగా నూరుతోంది. డబ్బా దొరక్కపోతే ఏం, పొడి మనమే చేసుకోవచ్చునని దాని ఆలోచన. తెలివైనవాళ్లు తప్పు చేసినా తెలివిగానే చేస్తారు.

"నా పాలు నీళ్లలా ఉన్నాయి పెదనాన్నా. ఈమధ్య తగ్గిపోతన్నాయి కూడా. ఆవిడ చూడు తెల్లగా, నిండుగా ఎలా ఉందో. నేను చూడు, ఎండు నెత్తళ్ల చేపలాగా. నా దగ్గర పిల్లకి ఏం దొరుకుద్ది?"

నేను పెళ్లి చేసుకోనివాణ్ణి. అరవై మూడేళ్లు వచ్చినా బాలింత పాల సంగతి మాట్లాడాలంటే సిగ్గేసింది. తల వంచుకుని వచ్చేశాను. లోపల పాప ఏడుస్తోంది. పీలగా ఏడుస్తోంది.

ఆషాఢం 14

వారానికోసారి వచ్చే నర్సు దస్తగిరమ్మ ఇవాళ వచ్చింది. ఆవిడది ఎగువ సీమ. ఏ బోగీలో దగ్గు వినబడినా ఆగి తిట్టి వెళ్లే రకం. కృపావతి పాపని కాటాకి తగిలించి చూసింది. జ్యేష్ఠంలో మూడు కిలోల ఆరువందలు ఉన్న పిల్ల మూడు కిలోల రెండువందలకి దిగింది. నాలుగు రోజులుగా విరేచనాలట. ఆ ముక్క కృపావతి మాకెవరికీ చెప్పలేదు.

దస్తగిరమ్మ తిన్నగా గోడ దగ్గరికి వచ్చింది. బొమ్మని పై నుంచి కింది దాకా చూసి, నా సంతకం మీద వేలు పెట్టింది.

"ఏమయ్యా, ఈ సంతకం ఎవురిది?"

"నాదే."

"ఈ డాక్టరు ఎవురు? పేరేంది? యా ఊరు?"

"బొమ్మలో ఉన్నాడు కదమ్మా."

"బొమ్మలో దేవుడు కూడా ఉంటాడు. వచ్చి నీకు సూది ఏసినాడా ఎప్పుడన్నా?" ఆవిడ వేలు ఇంకా నా సంతకం మీదే ఉంది. "తల్లి పాలు సాలవని రాసినోడు డాక్టరు కాదు. ఇంకో పది దినాలు ఆ పిండి తాపితే ఆ బిడ్డ మిగలదు. ఆ పిల్లకి నేను సెప్తే ఇనదు. గోడ మీద ఉంది, పెదనాన్న సంతకం ఉంది అంటుంది. చెరిపెయ్ దాన్ని."

రోజువారీ పద్దులైతే మర్నాడు సున్నం కిందికి పోతాయి గానీ, మిగతా ఏ మాటైనా సంతకం పడ్డాక చెరపకూడదు. తప్పని రుజువైతే దాని కిందే తప్పని రాయాలి. ఒంటికి సంబంధించిన సంగతికి రుజువంటే పద్నాలుగు రోజుల పాటు ముగ్గురు కళ్లారా చూసిన లెక్క. అదే చెప్పాను.

"పద్నాలుగు దినాలా?" అని ఆవిడ నా వైపు చూసిన చూపుకి నేను తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం కృపావతి దగ్గరికి వెళ్లాను. సిగ్గు పక్కన పెట్టి, పాప నోటికి నీ పాలే అందించు తల్లీ అన్నాను. అది నన్ను వింతగా చూసింది.

"ఉత్తినే నోటిమాటగా చెప్తావేంటి పెదనాన్నా? నోటిమాట నమ్మొద్దని నేర్పింది నువ్వు కాదూ? గోడ మీద నీ సంతకం ఒకలా ఉంది, నువ్వు ఇంకోలా అంటన్నావు. నేను దేన్ని నమ్మాలి?"



ఆషాఢం 15

పొద్దున్నే దమయంతి మామ్మ బోగీకి వెళ్లాను. ఆవిడకి ఎనభై నాలుగు. లంకలని నీళ్లు ముంచకముందే ఈడుకొచ్చినవాళ్లలో మా జంక్షన్‌లో ఆవిడ ఒక్కతే మిగిలింది. నా భుజం పట్టుకుని గోడ దాకా నడిచి వచ్చింది. బొమ్మని చూసి పకపకా నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

"ఒరేయ్ వరాలూ, అది అడ్వర్టైజుమెంటురా సన్నాసీ!"

"అంటే?"

"సరుకు అమ్ముకోడానికి చెప్పే మాట. మా అమ్మమ్మ కాలంలో గోడల మీద రాసేవారంట. మా రోజుల్లో ఫోన్ల నిండా అవే."

"అబద్ధమా అయితే?"

"అబద్ధమో నిజమో ఎవడికి కావాలి? డబ్బా అమ్ముడవాలి."

"మరి సంతకం ఎవరు పెట్టేవారు?"

"ఎవరూ పెట్టరు."

"ఆ డాక్టరో?"

"ఆయన డాక్టరు కాదురా. కోటేసుకుని నిలబడమంటే నిలబడ్డ మనిషి."

 ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయాను. "మీరంతా ఇవి నమ్మేవారా మామ్మా?" అని అడిగాను.

"నమ్మేవోళ్లం కాదు. నమ్మకుండానే కొనేవోళ్లం. నల్లగా ఉంటే పెళ్లవ్వదని ఒకటి, లావుగా ఉంటే మొగుడు చూడడని ఒకటి, ఈ సబ్బుతో ఉతక్కపోతే అత్తగారు ఊరుకోదని ఒకటి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనలో ఏదో ఒక లోటు చెప్పేవారు. ఆఖరికి మనకే లోటున్నట్టు ఉండేది." అప్పుడు నవ్వు ఆపింది. "ఆ కృపావతికీ అదేరా అయ్యింది. ముందు దిగులు పుట్టించారు. దిగులుకి పాలు తగ్గాయి. పాలు తగ్గితే గోడ మాట నిజమైపోయినట్టేగా. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ ముద్దు మరిపిస్తే గానీ డబ్బా అమ్ముడవదు."

తర్వాత నేను అడగని సంగతి చెప్పింది. నీళ్లొచ్చిన రోజున మేముండే లంకలో అందరి ఫోన్లకీ ఒక మాట వచ్చిందట, గట్టుకేం ఢోకా లేదు, ఇళ్లలోనే ఉండండి అని. దాని కిందే సోఫా సెట్టు సగం ధరకి అని ఇంకొకటి వచ్చిందట. "రెండూ ఒక్కలాంటి అక్షరాల్లోనే ఉన్నాయి వరాలూ. ఏది ఎవడు చెప్పాడో తెలీదు. మీ అమ్మ ఆ మొదటిదాన్ని నమ్మి ఇంట్లోనే ఉండిపోయింది."

అప్పుడు నాకు అయిదేళ్లు. నాన్న నన్ను మెడ మీద ఎక్కించుకుని మెట్టకి వచ్చాడు. వచ్చిన మూడో రోజునే బొగ్గుముక్క తీసుకుని ఈ స్టేషన్ గోడ మీద రాయడం మొదలుపెట్టాడు. చూసినవాడి పేరు లేకుండా ఒక్క మాట రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. అమ్మని చంపినటువంటి మాటనే నేను తీసుకొచ్చి, దాని కింద నాన్న గోడ మీద నా పేరు రాశాను.

ఆషాఢం 16

రుజువు కోసం పద్నాలుగు రోజులు ఆగాలి. పాప ఆగలేదు. పాప పాలు తాగితేనే రుజువు. రుజువుంటేనే కృపావతి పాలిస్తుంది. నిన్నంతా ఈ గానుగలోనే తిరిగాను.

పొద్దున సున్నం కలుపుతుంటే తట్టింది. బొమ్మ తప్పని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ నా సంతకం తప్పని నిరూపించడానికి వేరే సాక్షి అక్కర్లేదు, నేనున్నాను. చూడనిదాన్ని చూశానని రాసిన సాక్షికి కుంచె ఉండదు. గోడ మొత్తానికి ఒంటిచేత్తో సున్నం వేసి దిగిపోవాలి. యాభై ఎనిమిదేళ్లలో ఆ అవసరం ఎవరికీ పడలేదు. నిజం చెప్పాలంటే, ముప్పావుగంట బకెట్టు ముందే కూర్చున్నాను. ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని చూశాను. పక్క బోగీలోంచి ఏడుపు కూడా వినబడటం లేదు. అదే నన్ను లేపింది.

నీళ్ల కోసం జనం వరసలో నిలబడ్డ వేళ, అందరూ చూస్తుండగా, శిశుతేజ కింద రాశాను:

"ఈ సంతకం నాది. శిశుతేజను నేను చూడలేదు. అది తాగి పెరిగిన బిడ్డను చూడలేదు. ఈ డాక్టరును చూడలేదు. చూడకుండా చూశాను అని రాశాను. గుబ్బల వరహాలు."

వరసలోవాళ్లు బిందెలు దించి గోడ వైపు తిరిగారు. కమిటీ పెద్ద పోలినాయుడు దగ్గరికి వచ్చి రెండుసార్లు చదువుకున్నాడు. "ఎందుకండీ బాబూ ఇలా రాశారు? మెల్లగా చెప్పుకుంటే సరిపోయేది కదండీ," అన్నాడు. నా మీద జాలితోనే అన్నాడు. మెల్లగా చెప్పుకుంటే వినే మాట కాదిది.

కృపావతి పాపని ఎత్తుకుని వచ్చింది. నేను నేర్పిన అక్షరాలే కూడబలుక్కుంటూ చదివింది. గడగడా చదివే పిల్ల, ఇవాళ ఒక్కో మాట దగ్గరా ఆగింది.

"నువ్వు చూళ్లేదా?"

"లేదమ్మా."

"మరెందుకు పెట్టావు?"

"బొమ్మ బాగుందని."

ఇంతకంటే సిగ్గుమాలిన మాట నేను జన్మలో చెప్పలేదు. కానీ అదే నిజం. కృపావతి కళ్లు ఎర్రబడ్డాయి. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. పాపని గుండెకి హత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మధ్యాహ్నం బోగీ పైకప్పు మీది రేకు దానంతటదే కింద పడినట్టు పెద్ద చప్పుడయింది. వెళ్లి చూస్తే పొడి అంతా పట్టాల మధ్య పారబోసి ఉంది. మేకలు నాకుతున్నాయి.

పోలినాయుడు రాత కుంచె తీసుకున్నాడు. కొత్త సాక్షి వచ్చేదాకా ఈ పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచాడు.

ఆషాఢం 21

సున్నం వేస్తున్నాను. తూర్పుగోడ సగమైంది. నడుము నాది కాదనిపిస్తోంది.

దస్తగిరమ్మ వెనక్కి వెళ్లలేదు. కృపావతి బోగీలోనే మకాం పెట్టింది. దినానికి పన్నెండు తూర్లు రొమ్ము పట్టించమని, పిల్లని ఒంటికి ఆనించుకునే పడుకోమని గట్టిగా చెబుతుంటే ఇక్కడికి వినబడుతోంది. కాచిన మేకపాలు మాత్రం, తల్లికి పాలు పడేదాకా, చెంచాతో కొద్దికొద్దిగా పోస్తోంది. మొదటి మూడు రోజులు ఏమీ లేదట. తల్లీ పిల్లా ఇద్దరూ ఏడ్చేవారట. దమయంతి మామ్మ వెళ్లి పక్కన కూర్చుని, తన ఫోనులో చూసిన పాత ప్రకటనలన్నీ చెప్పి నవ్వించిందట. "మొగుడు మెచ్చే కాఫీ" అని ఒకటి చెప్పేసరికి కృపావతికి పొలమారిందట. ఆ రోజు సాయంత్రమే పాలు పడ్డాయట. అట, అట అని రాస్తున్నాను, ఎందుకంటే నాతో ఎవరూ నేరుగా చెప్పలేదు, నీళ్ల వరసలో చెవిన పడ్డవి, నేను వెళ్లి చూడలేదు. కృపావతి నాతో మాట్లాడటం లేదు.

చూసింది కాకపోయినా నా చెవులతో నేను విన్నది ఒకటుంది. ఇవాళ పాప ఏడ్చింది. ఆకలేసి, కోపంతో, జంక్షనంతా వినబడేలా ఏడ్చింది. నిచ్చెన మీదున్నవాణ్ణి సున్నం కుంచె పక్కన పెట్టి ఆ ఏడుపు అయ్యేదాకా విన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

ఆషాఢం 29

అన్ని గోడలకీ సున్నం అయింది, పడమటి గోడకి తప్ప. సంతకం పడ్డ మాటని చెరపకూడదు కాబట్టి బొమ్మ అలాగే ఉంది. పిల్లలు దాని ముందు నిలబడి "బాబుకు బలం, పాపకు రంగు" అని అరుస్తూ ఒకరికొకరు ముఖాలకి బొగ్గు పూసుకుంటున్నారు. ఆ డాక్టరుకి కూడా ఎవరో మీసాలు పెట్టారు. అది చెరపమని కొత్త సాక్షి వచ్చాక చెప్పాలి. లేదా చెప్పకపోయినా ఫరవాలేదు.

నేను ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే కృపావతి ఎదురొచ్చింది. తప్పుకుపోబోయాను. "పెదనాన్నా, నడుముకి వేడినీళ్ల కాపడం పెట్టుకో," అని వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఆ ఒక్క మాటనీ నాలుగుసార్లు తలుచుకున్నాను.

శ్రావణం 5

ఇవాళ కమిటీ కొత్త గోడసాక్షిని ఎంచుకుంది. చదువొచ్చినవాళ్లు అయిదుగురున్నారు. దమయంతి మామ్మ లేచి, "అబద్ధం రుచి తెలిసినోళ్లకే ఇవ్వండి కుంచె," అంది. కృపావతి వద్దంది. తర్వాత కొంచెం ఆలోచించి, ఒక్క మాట రాయనిస్తే తీసుకుంటానంది.

పాపని అందరి ముందూ తూచారు. ప్రభుదాసు ట్రాలీ దిగి నేరుగా వచ్చి, కాటా తాడు తనే పట్టుకున్నాడు. తర్వాత కృపావతి కుంచె ముంచి, నా ఒప్పుకోలు కింద, నేను నేర్పిన గుండ్రటి అక్షరాల్లో రాసింది:

"పై బొమ్మ మాట అబద్ధం. నా కూతురు దీవెన ఆషాఢం 14న మూడు కిలోల రెండువందలు. ఇవాళ మూడు కిలోల తొమ్మిదివందలు. పొడి మానేశాక మొదట కాస్త మేకపాలు, తర్వాత అంతా నా పాలే. నాలాగే నల్లగా ఉంది, బాగుంది. కృపావతి."

మొదటి సాక్షిగా దస్తగిరమ్మ సంతకం పెట్టింది. రెండో సాక్షిగా మామ్మ వేలిముద్ర వేసింది. మూడో సాక్షి కోసం కృపావతి జనంలోకి చూసి, "పెదనాన్నా," అంది.

పోలినాయుడు ఇబ్బందిగా కదిలాడు. "కుంచె పోయినాయన సాక్షి అవ్వొచ్చంటారా?"

"కుంచె పోయిందిరా, కళ్లు పోలేదుగా వాడికి!" అంది మామ్మ.

నేను ముందుకి వెళ్లాను. నేరుగా గోడ దగ్గరికి వెళ్లలేదు. పాపని మళ్లీ తూచమన్నాను. ప్రభుదాసు విసుక్కోకుండా మళ్లీ తగిలించాడు. దీవెన కాళ్లు తన్నుకుంటుంటే ముల్లు ఊగింది. అది ఆగేదాకా చూశాను. చాలదన్నట్టు కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఎవరూ నవ్వలేదు. తర్వాతే వెళ్లి, ఇవాళ్టి తూకానికి సాక్షినని రాసి సంతకం పెట్టాను.

రేపటి నుంచి ఈ పుస్తకం కృపావతిది. నేను రాసే ఆఖరి పద్దు ఇది: నాలుగు కిలోలకి వంద గ్రాములు తక్కువ. పిల్ల నా వేలు పట్టుకుంది, వదల్లేదు. చూశాను.